ఇన్సులిన్ ఆగిందని ఆ మాత్రలు ఆపకండి

ఐలెట్ కణాల మార్పిడి (దాత క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను తీసి, డయాబెటిస్ ఉన్నవారి కాలేయంలోకి ఎక్కించడం) తర్వాత ఇన్సులిన్ లేకుండా హాయిగా ఉన్న ఒకాయన, రోగనిరోధక శక్తిని అణచే మాత్రలను తనంతట తానే మానేసి మళ్లీ సూదుల పాలయ్యారని ఈ మధ్యే తెలిసింది. ఇలాంటి కబురు వినడం ఇది మొదటిసారి కాదు. శుభ్రత, ఆహారం గురించి అందరూ చెబుతారు; నేను దీని గురించే చెబుతాను.

ఈ చికిత్స ఇచ్చే అసలు వరం, నిద్రలో షుగర్ పడిపోతుందేమోనన్న భయం తీరడం. అర్ధరాత్రి లేచి వేలు పొడుచుకోనక్కర్లేదు. పక్కన పడుకున్నవాళ్లూ నిశ్చింతగా నిద్రపోతారు. ఆ నిశ్చింతలోనే, చేతులు వణికించి నోటిపూత తెచ్చే ఈ మాత్రలు ఇంకా ఎందుకనిపిస్తుంది. బాగున్నది వాటి వల్లే. కాలేయంలో కుదురుకున్న దాత కణాలను శరీరం తిరస్కరించేటప్పుడు నొప్పి తెలియదు. గ్లూకోమీటర్‌లో అంకె పెరిగేసరికే చాలా కణాలు చచ్చిపోయి ఉంటాయి. పైగా దాత కణజాలంపై యాంటీబాడీలు పుడితే, రేపు కిడ్నీ అవసరమైనా సరిపడేది దొరకడం కష్టం.

కొద్దిగా ఇన్సులిన్ మళ్లీ మొదలైతే, 'ఎలాగూ పోయింది' అనుకుని మానేసేవారూ ఉన్నారు. అదీ ఇదే తప్పు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు మొదట ఈ మార్పిడి చేసిన ఏడుగురికీ ఇన్సులిన్ ఆపగలిగారు. తర్వాత అక్కడ చేయించుకున్నవారిని గమనిస్తే, ఐదేళ్లకు ఇన్సులిన్ లేకుండా ఉన్నది సుమారు 10 శాతమే. కణాలు ఇంకా పనిచేస్తున్నది దాదాపు 80 శాతం మందిలో. సీ-పెప్టైడ్ (కణాలు ఇన్సులిన్ తయారుచేస్తున్నాయని రక్తపరీక్షలో చూపే గుర్తు) ఉన్నంతకాలం షుగర్ ప్రమాదకరంగా పడిపోకుండా ఆ కణాలు కాపు కాస్తాయి. మాత్రలు ఆపకండి.

ఈ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ మోతాదు చూసే రక్తపరీక్ష రోజున ఉదయం మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి; ముందే మింగితే అంకె తప్పుగా వస్తుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచుతాయి, క్షయకు వాడే రిఫాంపిసిన్ పడగొడుతుంది. కాబట్టి ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా మీ మందుల చీటీ ముందు పెట్టండి. నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ ముట్టుకోకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. గ్రేప్‌ఫ్రూట్ వద్దు. సజీవ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) వద్దు. ఎండలో చర్మం కప్పుకోండి. 38 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. వాంతులైనా, విరేచనాలైనా మార్పిడి బృందానికి ఫోన్ చేయండి. గర్భం కోరుకుంటే ముందే చెప్పండి, మందులు వాళ్లే మారుస్తారు. ఒక పూట మరిచిపోతే రెండు కలిపి మింగకండి. వారానికి సరిపడా ఉండగానే కొత్త మాత్రలు తెచ్చుకోండి.