పన్ను తీయించుకున్నాక ఆ రక్తపు గడ్డను కాపాడుకోండి

మత్తు ఎక్కాక నొప్పి ఉండదు గానీ, పన్నును అటూ ఇటూ కదిపేటప్పుడు ఒత్తిడి, కటకటమనే చప్పుడు తెలుస్తాయి. కంగారు పడకండి. సూదితో పొడిచినట్టు అనిపిస్తే మాత్రం చెయ్యెత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు.

తర్వాత పెట్టే గాజుగుడ్డను 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూస్తే రక్తం ఆగదు. గుంటలో ముదురు ఎరుపులో జెల్లీలా కనిపించే గడ్డే అసలు మందు. కింది ఎముకను, నరాలను కప్పేది అదే. అందుకే మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. ఉమ్మి గులాబీ రంగులో ఉన్నా ఫర్వాలేదు, మింగేయండి. సిగరెట్ కనీసం 3 రోజులు ముట్టకండి, ఇది చాలా ముఖ్యం. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో మెల్లగా తిప్పి వదిలేయండి.

వాపు రెండు మూడు రోజులు పెరగడం మామూలే. కానీ మూడో రోజుకి నొప్పి తగ్గకపోగా చెవిదాకా లాగుతుంటే, నోరు దుర్వాసన వస్తుంటే గడ్డ ఊడిపోయి ఉండొచ్చు. దీన్నే డ్రై సాకెట్ అంటారు. మాత్రలతో నెట్టుకురావద్దు, డాక్టర్ గుంట కడిగి మందు పెడితే త్వరగా ఉపశమనం దొరుకుతుంది.

రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.