పట్టాల మీద పని: మూడో పాఠం – బండి రావడానికి ఎన్ని సెకన్లు ఉన్నాయి?

పోయిన పాఠంలో పట్టాల వెంట ఎక్కడ నడవాలో చెప్పుకున్నాం. కంకర అంచు దాటాక ఉండే మట్టి దారిని సెస్ అంటారని, డబుల్ లైన్ మీద మన బండ్లు ఎడమ వైపు లైనులో నడుస్తాయి కాబట్టి బండి ఎదురుగా కనిపించేలా నడవాలని చూశాం. ఈ పాఠంలో నడక ఆపి పనిలోకి దిగుతున్నాం. ఇప్పుడు మీరు పట్టాల మధ్య నిలబడ్డారు. చేతిలో క్రోబారో, కంకర కొట్టే బీటరో ఉంది. తల కిందికి వంచారు. బండి వస్తోంది. తప్పుకోవడానికి మీకు ఎన్ని సెకన్లున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు పని మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలి. బండి కనిపించాక లెక్క వేసుకునే టైమ్ ఎవరికీ ఉండదు. కొత్తగా పట్టాలు చూసుకునే ట్రాక్ మెయింటైనర్‌గా చేరినవాళ్లూ, కాంట్రాక్టు పనికి వచ్చే కూలీలూ ఈ ఒక్క పాఠం నేర్చుకుంటే చాలన్నంత ముఖ్యం నాకిది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

చెవిని నమ్మొద్దు

పాత గ్యాంగ్‌మన్లు "బండి చప్పుడు వినపడగానే లేచేవాళ్లం" అని చెబుతారు. అది వాళ్ల కాలానికి సరిపోయింది. అప్పుడు డీజిల్ ఇంజన్ల మోత ఉండేది. పట్టాల అతుకుల మీద చక్రాలు టకటకమనేవి. ఇప్పుడు పట్టాలను పొడవునా వెల్డింగ్ చేసేశారు, అతుకుల చప్పుడు చాలావరకు పోయింది. కరెంటు ఇంజన్‌కు అంత మోత లేదు. వందే భారత్‌కైతే విడిగా ఇంజనే లేదు. గాలి మీ వైపు నుంచి బండి వైపు వీస్తుంటే వినపడే ఆ కాస్త చప్పుడూ వినపడదు. మీ పక్కనే ఎవరో సుత్తితో పట్టాను బిగించే పాండ్రాల్ క్లిప్ కొడుతుంటే చెప్పనే అక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదం పక్క లైనులో ఇంకో బండి వెళ్తున్నప్పుడు. నేను చేరిన కొత్తలో ఒక డబుల్ లైన్ మీద కంకర సర్దుతున్నాం. పక్క లైనులో బొగ్గు గూడ్సు వెళ్తోంది. అది పొడవైన బండి, ఎంతకీ అయిపోదు. నేను దాని వైపు చూస్తూ నిలబడ్డాను. మా మేట్, అంటే గ్యాంగ్ పెద్ద, వెనక నుంచి చొక్కా పట్టుకుని సెస్ మీదికి లాగాడు. కిందపడ్డాను. లేచి చూసేసరికి నేను నిలబడిన చోటు మీదుగా ఎక్స్‌ప్రెస్ వెళ్తోంది. దాని హారన్ నాకు వినపడలేదు. లోకోపైలట్ కొట్టే ఉంటాడు. గూడ్సు మోతలో అది కలిసిపోయింది. ఆ రోజు నుంచి పక్క లైనులో బండి వస్తే నా లైను కూడా ఖాళీ చేయడం అలవాటు చేసుకున్నాను. మీరూ అదే చేయండి. బండి ఏ లైను మీద వస్తోందో తేల్చుకుంటూ నిలబడొద్దు. ముందు బయటికి రండి, తర్వాత చూడండి.

కన్ను చేసే మోసం

చెవి కంటే కన్ను నయమే. అయినా అదీ మోసం చేస్తుంది. ఎదురుగా వచ్చే బండి చాలాసేపు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎందుకో లెక్కలో చూద్దాం.

గంటకు ఇన్ని కిలోమీటర్లు అన్న వేగాన్ని 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 110 కిలోమీటర్ల బండి సెకనుకు 30 మీటర్లకు పైగా వస్తుంది. 130 కిలోమీటర్ల బండి 36 మీటర్లు వస్తుంది. దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాద్–కాజీపేట, కాజీపేట–బల్లార్ష, విజయవాడ–గూడూరు లాంటి ప్రధాన మార్గాల్లో 2022 నుంచి 130కి అనుమతి ఉంది. కాబట్టి మన దగ్గర లెక్కకు 36 తీసుకోవాలి.

ఇప్పుడు బండి కిలోమీటరు దూరంలో ఒక చుక్కలా ఉందనుకోండి. సగం దూరం, అంటే 500 మీటర్లు దగ్గరికొస్తే దాని సైజు రెట్టింపు అవుతుంది. దానికి దాదాపు 14 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత 250 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ రెట్టింపు, ఇక్కడికి 7 సెకన్లే. ఆ తర్వాతి రెట్టింపుకు మూడున్నర సెకన్లు. మొదటి 14 సెకన్లలో "ఇంకా దూరంగానే ఉందిలే" అనిపిస్తుంది. చివరి ఏడు సెకన్లలో ఒక్కసారిగా మీద పడినట్టుంటుంది. అప్పటికి కాళ్లు కదలవు. అందుకని "దగ్గరికొచ్చాక తప్పుకుందాం" అన్న మాటను మన గ్యాంగ్‌లో ఎవరూ అననివ్వొద్దు.

తప్పుకోవడానికి పట్టే టైమ్

దీన్ని ఊహించకండి, వాచీ పెట్టి కొలవండి. పనికి దిగకముందు మేట్ ఒకసారి ఉత్తినే విజిల్ ఊదాలి. అందరూ తల ఎత్తాలి, సామాన్లు తీసుకోవాలి, కంకర దిగి సెస్ మీద ముందే అనుకున్న చోట నిలబడాలి. ఆఖరి మనిషి నిలబడేదాకా లెక్కపెట్టండి. పది సెకన్లు పట్టిందనుకుందాం. దానికి ఇంకో పది కలపండి. బండి వచ్చేసరికి అందరూ కదలకుండా నిలబడి దాని వైపు చూస్తూ ఉండాలి కాబట్టి ఆ పది సెకన్లు తప్పనిసరి. మొత్తం 20 సెకన్లు. 20ని 36తో గుణిస్తే 720 మీటర్లు. బండి కనీసం అంత దూరంలో ఉండగానే మీకు తెలియాలి. చేతిలో బరువైన సామాను ఉన్నా, గ్యాంగ్‌లో వయసైనవాళ్లున్నా సెకన్లు పెరుగుతాయి, దూరమూ పెరుగుతుంది. నెమ్మదిగా కదిలేవాళ్లను బట్టే లెక్క కట్టాలి, చురుకైన కుర్రాణ్ని బట్టి కాదు.

మరి 720 మీటర్లు కంటికి ఎంతో ఎలా తెలుస్తుంది? కరెంటు స్తంభాలే మన కొలబద్ద. నేరుగా ఉన్న లైనులో రెండు స్తంభాల మధ్య దూరం ఎంత ఎక్కువైనా 72 మీటర్లు, వంపుల్లో ఇంకా తక్కువ. మీ చోట ఎంతుందో కనుక్కోవాలంటే పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు లెక్కపెట్టండి. మెయిన్ లైన్లలో కిలోమీటరుకు 1660 కాంక్రీట్ స్లీపర్లు వేస్తారు, అంటే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సుమారు 60 సెంటీమీటర్లు. రెండు స్తంభాల మధ్య 100 స్లీపర్లుంటే అది 60 మీటర్లు. రెండు స్తంభాల మధ్య ఖాళీని స్పాన్ అంటారు, అప్పుడు 720 మీటర్లకు 12 స్పాన్లు కావాలి. పన్నెండో స్తంభం కనిపించకుండా వంపో, గట్టు తవ్వి లైను వేసిన కటింగో, చెట్లో అడ్డొస్తే ఆ పని లుకౌట్ మ్యాన్, అంటే బండిని కనిపెట్టి హెచ్చరించే మనిషి, లేకుండా చేయకూడదు.

లుకౌట్ మ్యాన్‌కు ఇంకే పనీ చెప్పకండి. "ఖాళీగానే నిలబడ్డావుగా, ఆ పార ఇలా అందుకో" అన్న చిన్న మాటతోనే ప్రమాదం మొదలవుతుంది. అతను బండిని చూడగలగాలి, అతని విజిల్ గ్యాంగ్‌కు వినపడాలి, జెండా కనపడాలి. ఒక్కడి వల్ల ఈ మూడూ కుదరకపోతే మధ్యలో ఇంకొకణ్ని నిలబెట్టాలి. మే నెల ఎండలో ఒకే మనిషిని పొద్దుటి నుంచి అక్కడే ఉంచితే కళ్లు పనిచేయవు, మార్చుతుండాలి. ఇక జేబులో ఫోన్ మోగినా తీయకూడదు. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఎక్కడ నిలబడాలి

మన గేజ్ 1676 మిల్లీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం ప్రయాణికుల పెట్టె వెడల్పు సుమారు 3.24 మీటర్లు. అంటే పెట్టె పట్టా లోపలి అంచు నుంచి ఒక్కో వైపు 78 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. పట్టా నుంచి ఒక అడుగు దూరంలో నిలబడితే తప్పుకున్నట్టు కాదు. సెస్ మీద వీలైనంత బయటికి వెళ్లి, బండి వైపు మొహం పెట్టి నిలబడాలి. తాడో, గొలుసో, తెరుచుకున్న తలుపో వేలాడుతుంటే ముందే కనపడాలి. అలా వేలాడేది కనిపిస్తే జెండా చూపించడం కూడా మన పనే.

రెండు లైన్ల మధ్య మాత్రం ఎప్పుడూ నిలబడొద్దు. పాత డబుల్ లైన్లలో ఒక లైను మధ్య నుంచి ఇంకో లైను మధ్యకు 4.265 మీటర్లు ఉన్న చోట్లున్నాయి. రెండు బండ్లు ఒకేసారి వస్తే వాటి మధ్య మిగిలేది మీటరు. అందులో మనిషి, చేతిలో క్రోబారు, రెండు వైపుల నుంచీ గాలి తోపు. సామాన్లు కూడా అక్కడ వేయొద్దు. ఏదైనా పట్టాల మీద మర్చిపోతే దాని కోసం వెనక్కి వెళ్లొద్దు. పార పోతే ఇంకో పార వస్తుంది.

బండి వెళ్లిపోయాక వెంటనే మళ్లీ పనిలోకి దిగకండి. రెండు వైపులా చూసి, మేట్ చెప్పాకే దిగాలి.

ఈ వారం అభ్యాసం

ఉద్యోగంలో చేరనివాళ్లు దీని కోసం పట్టాల మీదికి వెళ్లకూడదు. అనుమతి లేకుండా వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని పసుపు గీతకు బాగా వెనక నిలబడండి.

ముందు ఆగని బండి వేగం కొలవండి. ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు దాదాపు 24 మీటర్లు. పది సెకన్లలో మీ ముందు నుంచి 15 పెట్టెలు దాటితే ఆ బండి వేగం 130. పది పెట్టెలు దాటితే 86 దగ్గర.

తర్వాత బండి దూరంగా కనిపించగానే, అది ఇంకా 20 సెకన్ల దూరంలో ఉందని మీకు అనిపించిన క్షణంలో వాచీ నొక్కండి. ఇంజన్ మీ ఎదురుగా వచ్చినప్పుడు ఆపండి. వచ్చిన సంఖ్యను ఎక్కువ తక్కువలతో సహా పుస్తకంలో రాసుకోండి. కనీసం పది బండ్లకు చేయండి, అందులో రెండు గూడ్సులు ఉండాలి. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లు మీ బీటులో స్తంభాల మధ్య స్లీపర్లు లెక్కపెట్టి, ఏ కిలోమీటరులో ఎంత దూరం చూపు ఆనుతుందో రాసి మీ మేట్‌కు చూపించండి.

నాలుగో పాఠంలో పట్టా విరిగినప్పుడు లైనును కాపాడటం నేర్చుకుందాం. 600 మీటర్ల దగ్గర పట్టాలకు అడ్డంగా కట్టే బ్యానర్ ఫ్లాగ్, 1200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున, బండి ఎక్కితే పేలి హెచ్చరించే మూడు డిటోనేటర్లు, అవి పెట్టడానికి ఏ వైపు ముందు పరుగెత్తాలి అన్నది. ఈ వారం రాసుకున్న స్లీపర్ల లెక్క దానికి కావాలి, పుస్తకం జాగ్రత్తగా పెట్టుకోండి.