బంతిని వదిలేయండి, వెనక ఇద్దర్ని చూడండి

మా వాడు స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో సేఫ్టీ ఆడతాడు. సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడు. మొదటి ఏడాది నాకు వాడు కనపడితే ఒట్టు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టేడియంకి వెళ్లి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చునేదాన్ని. అందరిలాగే బంతి వెంట కళ్లు తిప్పేదాన్ని. బంతి దగ్గర పదిమంది కుప్పగా పడేవాళ్లు, అందులో మా వాడు ఉండేవాడు కాదు. కార్లో "నన్ను చూశావా అమ్మా?" అంటే "చూశాన్రా, బాగా ఆడావు" అని చెప్పేసేదాన్ని. ఒకరోజు దొరికిపోయాను. "రెండో క్వార్టర్ మొత్తం నేను బెంచి మీదే ఉన్నాను" అన్నాడు.

ఆ పై వారం నుంచి బంతిని వదిలేసి వాణ్నే చూడటం మొదలుపెట్టాను. మూడేళ్లు అలా చూస్తే డిఫెన్స్ అంటే ఏంటో నాకు తెలిసొచ్చింది. ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఆదివారం టీవీ ముందు కూర్చుని కూడా "ఏముంది, గుద్దుకోవడమే కదా" అంటుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

స్టేడియంకి వెళ్తే కింది వరసలో కూర్చోకండి. పై వరసకి ఎక్కండి, వీలైతే గోల్ వైపు మూలకి. అక్కణ్నుంచి పదకొండు మందీ కనపడతారు. టీవీలో ఆ సుఖం లేదు. కెమెరా బంతి దగ్గరే ఉంటుంది, సేఫ్టీలు తెర బయట ఉండిపోతారు. అందుకే రీప్లేలు వదలకండి, వెనక ఏం జరిగిందో అప్పుడే చూపిస్తారు. ఆల్-22 అని మైదానం మొత్తం కనపడే వీడియో ఒకటి ఉంటుంది, కోచ్‌లు చూసేది అదే. ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్, యాప్‌లో డబ్బులు కట్టి మనమూ చూడొచ్చు.

ఇప్పుడు లెక్క. బంతి కదలకముందు, అంటే స్నాప్‌కి ముందు, వెనక దూరంగా ఎంతమంది నిలబడ్డారో చూడండి. ఒకడా, ఇద్దరా? అంతే. ఒకడే ఉండి మధ్యలో నిలబడితే మిగతావాళ్లు ముందుకొచ్చి, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఆపడానికి సిద్ధంగా ఉన్నారని. ఇద్దరుంటే పొడుగు పాస్‌కి భయపడుతున్నారని. క్రికెట్ చూసే ఇంట్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. బౌండరీ దగ్గర ఫీల్డర్లని పెట్టి సింగిల్స్ ఇచ్చేయడమే.

ఈ ఇద్దరు ఇంత ముఖ్యమెందుకయ్యారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1978లో ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ మార్చింది. ఆట మొదలయ్యే గీత నుంచి 5 యార్డులు దాటాక రిసీవర్ని, అంటే పాస్ అందుకునేవాణ్ని, డిఫెండర్ తొయ్యకూడదు, పట్టుకోకూడదు. 2004లో ఆ రూల్‌ని ఇంకా గట్టిగా అమలు చేశారు. రిసీవర్‌కి దారి తెరుచుకుంది, పాస్‌లు పెరిగాయి. 2013 సీజన్‌లో డెన్వర్ 606 పాయింట్లు కొట్టింది, అప్పటికి ఎవరూ కొట్టనన్ని. ఆ టీమ్‌ని సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్లో, సియాటెల్ 43-8తో ఓడించింది. సియాటెల్ వెనక మధ్యలో ఎర్ల్ థామస్ ఒక్కణ్నే ఉంచేది. అతను ఎటు బంతి వేసినా అందుకునేంత వేగం ఉన్నవాడు. చాలా టీమ్‌లు దాన్నే కాపీ కొట్టాయి, కానీ ఎర్ల్ థామస్‌లు సంతలో దొరకరు కదా. మధ్యలో ఒక్కడే ఉన్నప్పుడు అతనికి ఇటొకడు, అటొకడు నిలువుగా పరిగెత్తితే ఒకర్నే అందుకోగలడు. రెండోవాడు బంతితో చివరి గీత దాటేస్తాడు, అదే టచ్‌డౌన్. 2018లో కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) పాట్రిక్ మహోమ్స్ 50 టచ్‌డౌన్ పాస్‌లు వేశాక చాలామంది కోచ్‌లు ఇద్దర్ని వెనక్కి పంపారు. ఈ పద్ధతి అనగానే అందరూ తలుచుకునే పేరు డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో.

ఇక్కడ నాకు కబడ్డీ గుర్తొస్తుంది. నల్గొండ జిల్లాలో హైస్కూల్లో నేను ఎడమ కార్నర్ ఆడాను. రైడర్ వస్తుంటే కార్నర్ భయపడినట్టు వెనక్కి జరగాలి, ఇంకో అడుగు లోపలికి వేయమని ఆశ పెట్టాలి, అప్పుడు కాలు అందుకోవాలి. ముందే చెయ్యి చాపామా, రైడర్ నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. ఫాంజియో సేఫ్టీలూ అంతే. ప్రతిసారీ ఇద్దరూ ఒకేలా నిలబడతారు. బంతి కదిలాక ఒకడు కిందికి దిగుతాడు, ఇంకొకడు మధ్యకి జరుగుతాడు. ఒక్కోసారి ఇద్దరూ అక్కడే ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ అప్పటిదాకా చదువుకున్న పాఠం ఆ క్షణంలో పనికిరాదు, మళ్లీ చదవాలి. ఆ కాస్త ఆలస్యమే డిఫెన్స్‌కి కావాల్సింది. కాబట్టి స్నాప్ అయిన మొదటి రెండు సెకన్లు సేఫ్టీల మీంచి కళ్లు తీయకండి.

తర్వాత నికెల్. ఈమధ్య ఎక్కువసార్లు ముగ్గురు రిసీవర్లు వస్తారు. ముందు వరస వెనకే నిలబడే బరువైన లైన్‌బ్యాకర్ వాళ్లతో పరిగెత్తలేడు. అతన్ని తీసేసి, ఇద్దరు సేఫ్టీలు, అంచుల్లో ఇద్దరు కార్నర్లు కాక ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ని, అంటే పాస్‌లని అడ్డుకునేవాణ్ని, దింపుతారు. ఐదుగురు కాబట్టి ఐదు సెంట్ల నాణెం పేరు పెట్టారు. ఆరుగురైతే డైమ్ అంటారు. అది పది సెంట్ల నాణెం, ఆ లెక్క నన్నడక్కండి. ఒకప్పుడు నికెల్ అంటే అవసరానికి తెచ్చే ఏర్పాటు. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగానికి పైగా ఆట దాంతోనే నడుస్తుంది.

ఇక నాకు నిజంగా అర్థమైన రాత్రి గురించి చెప్పాలి. ఒక మ్యాచ్‌లో మూడో క్వార్టర్. అవతలి క్వార్టర్‌బ్యాక్ బంతిని పరిగెత్తేవాడికి ఇస్తున్నట్టు నటించాడు, ప్లే యాక్షన్ అంటారు దాన్ని. మా వాడు రెండడుగులు ముందుకేశాడు. ఆ రెండడుగులే. రిసీవర్ వాడి వెనక్కి వెళ్లిపోయాడు, బంతి వాడి తల మీంచి వెళ్లింది. స్టేడియం మొత్తం అరుస్తోంది. కార్లో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అర్ధరాత్రి డైనింగ్ టేబుల్ మీద స్టీలు గ్లాసులు పేర్చాడు. ఉప్పు డబ్బా క్వార్టర్‌బ్యాక్. అంచున ఉన్న గ్లాసు ఒకటో నంబర్ రిసీవర్, దాని లోపలిది రెండో నంబర్. టీ చెంచా తను.

"రెండో నంబర్ నిలువుగా పది యార్డులు దాటి వచ్చాడనుకో, వాడు నావాడు. అదే ఐదారు యార్డుల్లో పక్కకి తిరిగిపోతే వాణ్ని నికెల్‌కి వదిలేసి, నేను ఒకటో నంబర్ వైపు చూడాలి, కార్నర్‌కి సాయంగా."

"ఇది జోనా, మ్యానా?"

"జోన్‌లా మొదలవుతుందమ్మా. వాడు ఎటు పోతాడో తేలాక మ్యాన్ అయిపోతుంది."

దీన్నే మ్యాచింగ్ అంటారని తర్వాత తెలిసింది. ఉత్త జోన్‌లో ఎవరి చోటు వాళ్లు కాపలా కాస్తే, మంచి క్వార్టర్‌బ్యాక్ మధ్య సందుల్లోకి వేసేస్తాడు. ఉత్త మ్యాన్‌లో ఒక్కొక్కరూ ఒక్కో రిసీవర్ వెంట పడతారు, ఇద్దరు రిసీవర్లు ఒకరికొకరు అడ్డంగా వెళ్తే డిఫెండర్లు గుద్దుకుంటారు. అందుకే ఈ మధ్యేమార్గం.

"మరి ఇవాళ ఏమైంది?" అన్నాను.

చెంచాని ఉప్పు డబ్బా వైపు కొంచెం జరిపాడు. "రెండో నంబర్ నిలువుగా వచ్చాడు. నేను బంతిని చూశాను."

నేను ఏమీ అనలేదు. మొదటి ఏడాదంతా అదే పని చేసినదాన్ని.

బ్లిట్జ్ గురించి క్లుప్తంగా. మామూలుగా నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్తారు. ఐదుగురు, ఆరుగురు వెళ్తే బ్లిట్జ్. వెళ్లినకొద్దీ వెనక మనుషులు తగ్గుతారు, మహోమ్స్‌లాంటి వాడికి అది పండగ. అందుకే ఇప్పుడు ఆరుగురు గీత మీదికొచ్చి బెదిరిస్తారు, తీరా నలుగురే వెళ్తారు. ఆ నలుగురూ మనమనుకున్నవాళ్లు కారు. భారీ లైన్‌మన్ వెనక్కి పరిగెడుతుంటాడు, ఎక్కడో ఉన్న నికెల్ కుర్రాడు దూసుకొస్తాడు. కోచ్ డిక్ లెబో 1980ల్లో సిన్సినాటిలో చేసిన జోన్ బ్లిట్జ్‌కి ఇది మనవడి వరస.

ఈ ఎత్తులేవీ అక్కర్లేని రోజులూ ఉంటాయి. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌ని స్నేహితుల ఇంట్లో చూశాం. ఫిలడెల్ఫియా డిఫెన్స్ ఫాంజియోది. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు. నలుగురితోనే మహోమ్స్‌ని 6 సార్లు పడగొట్టారు, ఏడుగురు వెనకే ఉన్నారు. హాఫ్ టైమ్‌కి 24-0, చివరికి 40-22. మహోమ్స్ పాస్‌ని పట్టుకుని టచ్‌డౌన్ కొట్టిన కూపర్ డిజీన్ ఆడేది ఇందాక చెప్పిన నికెల్ స్థానమే. ఆ రోజు అతనికి 22వ పుట్టినరోజు. మా ఆయన హాఫ్ టైమ్‌లో "మహోమ్స్‌కి ఏమైందివాళ?" అంటుంటే, నేను బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి సేఫ్టీల గురించి చెప్పబోయాను. ఎవరూ వినలేదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఇద్దరు వెనక, ఇద్దరు కార్నర్లు అంచుల్లో, ఒక నికెల్ ఉన్నప్పుడు ముందు ఆరుగురే మిగులుతారు. అవతల లైన్‌లో ఐదుగురు, పక్కన టైట్ ఎండ్, అంటే అడ్డుకోవడానికీ పాస్ అందుకోవడానికీ పనికొచ్చేవాడు. మధ్యలోంచి పరిగెత్తితే నాలుగు యార్డులు, మళ్లీ నాలుగు. పొట్టి పాస్‌లూ దొరుకుతాయి. డిఫెన్స్ వాటికి ఒప్పుకునే నిలబడుతుంది. పన్నెండు ప్లేలు తప్పు చేయకుండా ఆడండి చూద్దాం అని దాని ధీమా. ఎక్కడో ఒక పెనాల్టీ, ఒక జారిన బంతి చాలు. కానీ అవతల ఓపికున్న టీమ్ అయితే ఆ ధీమా కరిగిపోవడం మీ కళ్లముందే చూస్తారు. క్వార్టర్ మొత్తం వాళ్లే బంతి పట్టుకుంటారు. అప్పుడు ఒక సేఫ్టీ విసిగి ముందుకి జరుగుతాడు. పొడుగు పాస్ వేసేది అప్పుడే.

మొదటిసారి చూసేవాళ్లు అన్ని ప్లేలూ చదవబోకండి, తలనొప్పి వస్తుంది. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఎనిమిదో పదో యార్డులు కావాల్సిన ప్లేలు మాత్రం పట్టుకోండి. పాస్ తప్పదని అందరికీ తెలిసిన చోట డిఫెన్స్ తన సరుకంతా బయటపెడుతుంది. వెనక ఎంతమందో లెక్కపెట్టండి, స్నాప్ అయ్యాక ఎవరు కదిలారో చూడండి. బంతి ఎక్కడికెళ్లిందో మీకు తెలియకపోవచ్చు. పక్కవాళ్లు అరిచే దిక్కుకి తల తిప్పితే సరి.