ముక్కతో పాటు లెక్క కూడా ఇవ్వండి

పాలకొల్లులో మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద క్రోషే లేసు (కొనకి కొక్కెం ఉన్న సూదితో అల్లేది) డిజైను ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళడం నా చిన్నప్పుడు చూశాను. ఎవరైనా వచ్చి అడిగితే అమ్మమ్మ లోపలికెళ్ళి, చీరల మడతల్లోంచి రెండంగుళాల ముక్క తెచ్చి చేతిలో పెట్టేది. పుచ్చుకున్నావిడ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, బొటనవేలి గోటితో కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, సాయంత్రానికల్లా అల్లేసేది. కాగితం లేదు, కొలత లేదు, కుట్టుకి పేరు కూడా లేదు. అవసరం రాలేదు. ఇద్దరిదీ ఒకే కొట్లో కొన్న దారం, ఒకే మందం సూది. ఇద్దరికీ నేర్పిన చేయి కూడా దాదాపు ఒకటే.

ఇప్పుడు నేను కూకట్‌పల్లిలో కూర్చుని అల్లుతున్నాను. నా డిజైను అడిగేవాళ్ళలో ఒకరు విశాఖలో ఉన్నారు, మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంది, మా పిన్ని పాలకొల్లులోనే ఉంది. ముగ్గురి దారాలూ వేరు, సూదులూ వేరు. అందుకే ముక్క ఒక్కటీ ఇస్తే చాలట్లేదు. ఎన్నో తప్పటడుగుల తర్వాత నాకు కుదిరిన పద్ధతి ఇక్కడ చెప్తున్నాను. మీరు ఇంట్లో అల్లుకునే డిజైన్ని తోటివాళ్ళతో పంచుకోవాలనుకుంటే పనికొస్తుంది.

ముందు నా వల్ల జరిగిన పొరపాటు చెప్పాలి. జాకెట్టు చేతులకి వేసుకునే విసనకర్రల అంచు ఒకటి రాసి పిన్నికి పంపాను. "ప్రతి విసనకర్రకి డబుల్ కుట్లు 5" అని రాశాను. వారం తర్వాత పిన్ని ఫొటో పంపింది. విసనకర్రలు లేవక్కడ. చొక్కా గుండీల్లాగా అణిగిపోయిన ముద్దలు వరసగా ఉన్నాయి. "ఏమేవ్, నువ్వు రాసినట్టే అల్లాను, విచ్చుకోవట్లేదేంటి?" అంది. మూడు గంటల చేతిపని విప్పేసింది పాపం.

పిన్ని తప్పు ఏమీ లేదు. ఆవిడ నేర్చుకున్నది దారం కంపెనీ వేసిన పాత చిన్న పుస్తకం చూసి. అందులో కుట్లకి బ్రిటిష్ పేర్లుంటాయి. నేను నేర్చుకున్నది అమెరికా వాళ్ళ వీడియోలు చూసి. అమెరికా వాళ్ళు సింగిల్ అనేదాన్ని బ్రిటిష్ వాళ్ళు డబుల్ అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. హాఫ్ డబుల్ అక్కడ హాఫ్ ట్రెబుల్. పేర్లన్నీ ఒక మెట్టు పక్కకి జరిగి ఉంటాయి. పేరు అదే, కుట్టు వేరు. అందుకే ఎక్కడా "తప్పు" కనబడదు. అల్లిన తర్వాతే తెలుస్తుంది.

అప్పట్నుంచి నేను ఇంగ్లిషు పేర్లు రాయడం మానేశాను. సూదిని గుచ్చేముందు దాని మీద దారం ఎన్నిసార్లు చుట్టామో అదే రాస్తాను. చుట్టకుండా గుచ్చేది "చుట్టు లేని కుట్టు". ఒకసారి చుట్టి గుచ్చి, రెండేసి లూపులు చొప్పున రెండుసార్లు లాగేది "ఒక చుట్టు కుట్టు". రెండుసార్లు చుట్టి గుచ్చితే "రెండు చుట్ల కుట్టు". ఒకసారి చుట్టి, సూది మీది మూడు లూపుల్నీ ఒకేసారి లాగేస్తే "సగం కుట్టు". పుస్తకం ఏ దేశానిదైనా చేయి చేసే పని ఒకటే కదా. మా పిన్నికీ, ఆడపడుచుకీ ఇద్దరికీ ఇది వెంటనే అర్థమైంది. మీ బృందంలో అందరూ ఇంగ్లిషు పేర్లకే అలవాటు పడి ఉంటే అవే రాయండి, కానీ మొదటి గీతలోనే అవి అమెరికా పేర్లో బ్రిటిష్ పేర్లో తప్పకుండా చెప్పండి.

అదే అంచుని సరిచేసి రాసిన కాగితం ఇది. మీరూ అల్లి చూడవచ్చు.

దారం 20 నంబరు కాటన్, సూది 1.25 మి.మీ. నా చేతిలో 5 విసనకర్రలు సుమారు 7 సెం.మీ. వస్తాయి.

మొదలు: 32 చెయిన్లు, అంటే లూపులోంచి లూపు లాగుతూ వేసే గొలుసు కుట్లు. (ఒక్కో విసనకర్రకి 6, చివర్లో 1, తిరగడానికి 1.)

వరస 1: సూది దగ్గర్నుంచి రెండో చెయిన్‌లో మొదలుపెట్టి, ప్రతి చెయిన్‌లో చుట్టు లేని కుట్టు ఒక్కొక్కటి. మొత్తం 31.

వరస 2: 1 చెయిన్ వేసి తిప్పాలి, ఈ చెయిన్ లెక్కలోకి రాదు. మొదటి కుట్టులో చుట్టు లేని కుట్టు 1. తర్వాత: 2 కుట్లు వదిలి, మూడోదానిలోనే ఒక చుట్టు కుట్లు 5, మళ్ళీ 2 వదిలి, మూడోదానిలో చుట్టు లేని కుట్టు 1. "తర్వాత" అన్న దగ్గర్నుంచి ఇంతవరకూ మొత్తం 5 సార్లు చేయాలి. మొత్తం: విసనకర్రలు 5, చుట్టు లేని కుట్లు 6, కుట్లన్నీ కలిపితే మళ్ళీ 31.

పొడుగు పెంచాలంటే ఎన్ని విసనకర్రలు కావాలో దాన్ని 6తో గుణించి 2 కలుపుకోండి.

ఇందులో నేను పట్టుబట్టి రాసేది ప్రతి వరస చివరా ఆ "మొత్తం". అల్లేవాళ్ళకి అదే ఊతకర్ర. 31 రాకపోతే ఆ వరసలోనే దొరుకుతుంది, పది వరసల తర్వాత కాదు. అలాగే తిరిగేటప్పుడు వేసే చెయిన్ని కుట్టుగా లెక్కపెట్టాలా వద్దా అన్నది ప్రతిసారీ రాయండి. చుట్టు లేని కుట్ల వరసలో వేసే ఒక్క చెయిన్ని మామూలుగా లెక్కపెట్టరు. ఒక చుట్టు కుట్ల వరసలో వేసే మూడు చెయిన్లని మొదటి కుట్టుగా లెక్కపెడతారు. ఈ ఒక్క ముక్క రాయకపోతే కొత్తవాళ్ళకి వరసకో కుట్టు జారిపోయి, చతురస్రం కాస్తా జంతిక చుట్టలా వంకర తిరుగుతుంది. వాళ్ళేమో తమకి చేతకాలేదనుకుని వదిలేస్తారు. నాకు బాధనిపించేది అదే. కాగితంలో లోపానికి మనిషి తన చేతిని అనుమానించుకోవడం.

సూది విషయంలో నంబరు నమ్మకండి. సన్న స్టీలు సూదుల మీద నంబర్లు కంపెనీని బట్టి మారతాయి. మిల్లీమీటర్లు రాయండి. దారానికి మాత్రం లేబుల్ మీదున్నదంతా దించేయండి: నంబరు, బరువు, ఎన్ని మీటర్లు. లేసు కాటన్‌లో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 20 కంటే 40 సన్నం. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అనుకుంటారు. ఎంత దారం పట్టిందో అంచనాగా రాయకుండా వంటింటి కాటా మీద ఉండని అల్లకముందు ఒకసారి, అల్లాక ఒకసారి తూయండి. ఎన్ని గ్రాములు తగ్గిందో అదే ఖర్చు. చేతి బిగువు కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. నేను వదులుగా అల్లుతాను, మా పిన్ని తాడు పేనినట్టు బిగిస్తుంది. అంచుకైతే ఫరవాలేదు కానీ ఒంటికి తొడుక్కునే వాటికి 10 సెం.మీ. చతురస్రంలో మీకు ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో రాయాల్సిందే. కుట్లు ఎక్కువొస్తే ఒక సైజు లావు సూది, తక్కువొస్తే ఒక సైజు సన్న సూది పట్టుకోమని చెప్పండి.

గుండ్రంగా అల్లేవి పంపేటప్పుడు ఇంకో వాక్యం కలుపుతాను. ఒక చుట్టు కుట్లతో బల్లపరుపుగా ఉండే చక్రానికి మామూలుగా మొదటి రౌండు 12, రెండోది 24, మూడోది 36, అలా రౌండుకి 12 చొప్పున పెరగాలి. గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంటే పెంపు చాల్లేదని, పావడా కుచ్చుల్లా అలలు తేలుతుంటే పెంపు ఎక్కువైందని. ఇలా గుర్తులు చెప్తే ఫోన్ చేసి అడగక్కర్లేకుండా వాళ్ళే సరిచేసుకుంటారు.

మా అపార్టుమెంటులో మూడో అంతస్తు అమ్మాయిది ఎడమచేతి వాటం. తనకి గడుల డిజైను ఇచ్చినప్పుడు నేనొకటి నేర్చుకున్నాను. నిండు గడులు, ఖాళీ గడులతో బొమ్మ తేలేలా అల్లుతామే, తలుపు కర్టెన్లకి చిలకలు, "స్వాగతం" అక్షరాలు, అది. గ్రాఫు కాగితం మీద గడులు నింపి ఇస్తే భాష అక్కర్లేదు, తెలుగు రానివాళ్ళూ అల్లేస్తారు. ఒక్కో గడికి మూడు కుట్లు, వరస చివర ఒకటి; 20 గడులంటే అడ్డంగా 61 కుట్లు. అయితే కుడిచేతి వాళ్ళు మంచివైపు (పైకి కనబడే వైపు) వరసని గ్రాఫులో కుడి నుంచి ఎడమకి చదువుతారు. ఎడమచేతి వాళ్ళు ఎడమ నుంచి కుడికి చదవాలి. ఇది చెప్పకుండా ఇచ్చాను. చిలకైతే అటు తిరిగినా ఇటు తిరిగినా చిలకే. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఇప్పుడు గ్రాఫు రెండు చివర్లా బాణం గుర్తు వేసి "కుడిచేతికి ఇటు, ఎడమచేతికి ఇటు" అని రాస్తున్నాను.

ఫొటోలకి పెద్ద హంగామా అక్కర్లేదు. తెల్ల లేసు కింద ముదురు రంగు జాకెట్టు గుడ్డ పరిచి, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. మంచివైపు ఒకటి, వెనకవైపు ఒకటి, మూల తిరిగిన చోట దగ్గరగా ఒకటి. మూల ఫొటో లేకపోతే తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ మూల గురించే. వీడియో తీస్తే ఎదురుగా కూర్చున్నవాళ్ళు కాకుండా మీ భుజం మీంచి ఫోన్ పట్టుకోవాలి. అప్పుడు చూసేవాళ్ళకి అవి తమ చేతుల్లాగే కనిపిస్తాయి.

ఫొటో తీసేముందు గంజి పెట్టడం మరిచిపోకండి. పల్చటి సగ్గుబియ్యం గంజిలో ముంచి, మెత్తగా పిండి, దిండు మీద తువ్వాలు పరిచి ప్రతి విసనకర్ర కొసనీ తుప్పు పట్టని గుండుసూదితో లాగి గుచ్చి ఆరనిస్తే డిజైను విచ్చుకుంటుంది. రంగు దారమైతే ముందే చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డలో ఒత్తి చూడండి.

పంపేముందు ఒకరి చేత అల్లించాలి. మీకంటే బాగా అల్లేవాళ్ళు వద్దు. వాళ్ళు కాగితంలో లోటు కనబడినా చేత్తో సర్దేసుకుని "బానే ఉంది" అంటారు. ఏడాది నుంచి అల్లుతున్నవాళ్ళకి ఇచ్చి, పక్కనే కూర్చుని, నోరు విప్పకుండా చూడండి. వాళ్ళు ఎక్కడ ఆగి కాగితాన్ని రెండోసారి చదివారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తిరగరాయాల్సినవి ఆ వాక్యాలే.

పదిమంది కలిసి ఒక దుప్పటి చేద్దామనుకుంటే కొలత ఒక్కటి ముందు తేల్చుకోండి: అందరి చతురస్రాలూ గంజి పెట్టి ఆరాక 15 సెం.మీ. ఉండాలని. కుట్ల సంఖ్య ఒకటే అయినా చేతుల బిగువు వేరు కాబట్టి సంఖ్యతో ఒప్పందం కుదరదు. 2016 జనవరిలో చెన్నైలో ఎందరో స్త్రీలు అల్లిన ముక్కల్ని కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. ఎక్కడెక్కడో అల్లిన ముక్కలు అంచులు కలిసి ఒక్క దుప్పటి అయ్యాయంటే నాకిప్పటికీ అబ్బురమే. మా నరసాపురం వైపు లేసు పనిలో పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది, చుట్టూ అంచు కట్టే కాజాకట్టు వేరొకరిది. మేమూ అదే పాటిస్తున్నాం. అతుకుపని ఒక్కరే చేస్తే దుప్పటి అంతా ఒకే బిగువుతో వస్తుంది.

ఏది పంచుకోవచ్చు, ఏది పంచుకోకూడదు అన్నది కూడా చెప్పుకోవాలి. కుట్టు ఎవరి సొత్తూ కాదు. విసనకర్ర అంచు ప్రపంచమంతా అల్లుతుంది. కానీ ఒకరు కూర్చుని రాసిన కాగితం, గీసిన గ్రాఫు వాళ్ళవి. మన 1957 కాపీరైటు చట్టం వాటికి రక్షణ ఇస్తుంది. డబ్బు పెట్టి కొన్న డిజైను ఫైలుని "మీరూ ఉంచుకోండి" అని ఇంకొకరికి పంపకండి. ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు. చూసి నేర్చుకున్నదైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నేను పుట్టింది ఆ పక్కనే అయినా కూకట్‌పల్లిలో అల్లినదాన్ని నరసాపురం లేసు అని చెప్పి అమ్మను. ఆ పేరు అక్కడ ముక్కల లెక్కన కూలికి అల్లుతున్న వాళ్ళది. వాళ్ళ డిజైను నచ్చితే ముక్క కొని, అడిగి, అప్పుడు లెక్కపెట్టుకుందాం.

కాగితం పంపాక పని అయిపోలేదు. కింద నాలుగు గీతల ఖాళీ వదలండి, అల్లినవాళ్ళ మార్పులు రాయడానికి. సరిచేసిన కాగితం అందాక పిన్ని మళ్ళీ అల్లింది. ఈసారి ముక్కనే కవర్లో పెట్టి పంపింది. విసనకర్రలు చక్కగా విచ్చుకున్నాయి. పైగా ప్రతి విసనకర్రలో మూడో కుట్టు నెత్తిన మూడు చెయిన్లు వేసి, అదే కుట్టులో ముడేసి, చిన్న మొగ్గ పెట్టింది. నేను రాయలేదు అది. వెలుతురుకి ఎత్తి పట్టి, గోటితో లెక్కపెట్టి, కాగితం కింద రాసుకున్నాను: "పిన్ని మార్పు: మూడో కుట్టు మీద 3 చెయిన్ల మొగ్గ. పాలకొల్లు." ఆ మొగ్గతోనే న్యూజెర్సీకి పంపాను.