పిల్లలు ఆడే ఆన్‌లైన్ ఆటలోకి పెద్దల రోల్‌ప్లే రాకుండా చూసుకోవడం ఎలా?

సంక్రాంతి సెలవులకి వచ్చిన మా అక్క కూతురు, పదేళ్ల పిల్ల, ట్యాబ్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "పిన్నీ, ఈ అన్న నన్ను ఆటలో పెళ్లి చేసుకుంటాడట. ఇక్కడ చాట్ వద్దు, ఇంకో యాప్‌లోకి రమ్మంటున్నాడు. వెళ్లనా?" అది నన్ను అడిగిందని ఈ రోజుకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. అడగని పిల్లలు ఎంతమందో.

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి, ఇంట్లో చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. రోల్‌ప్లే అంటే ఒక పాత్ర వేసుకుని ఆడే ఆట. వయసొచ్చిన వాళ్లు ఇష్టపడి ఆడుకునే శృంగార రోల్‌ప్లే తప్పని నేననను. కానీ ఏడేళ్ల పిల్లకి కూడా తలుపు తీసి ఉంచిన ఆటలో దానికి చోటు లేదు. ఏ మూలా లేదు, గుసగుసగా అయినా లేదు.

1. ముందు ఏది ఆటో, ఏది కాదో తెలుసుకోండి

రోల్‌ప్లే అనే మాట వినగానే కంగారు పడి ఫోను లాక్కోకండి. బొమ్మల పెళ్లిళ్లు, ఉత్తుత్తి వంటలు, టీచరాట మనమూ ఆడినవే. రకరకాల ఆటలుండే రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో, బ్రూక్‌హేవెన్ అనే ఊరి ఆట లాంటి చోట పిల్లలు ఇల్లు సర్దుతారు, పోలీసవుతారు, డాక్టరవుతారు, అమ్మానాన్నలవుతారు. ఆడుకోనివ్వండి.

పెద్దల రోల్‌ప్లే వేరు. అక్కడ పాత్రల మాటున శృంగారం నడుస్తుంది. ఆటగాళ్లు దాన్ని ఈఆర్‌పీ (ఎరోటిక్ రోల్‌ప్లే) అంటారు. ఇది చాలాసార్లు అక్షరాల్లోనే సాగుతుంది. తెర మీద రెండు బొమ్మలు కదలకుండా నిలబడి ఉంటాయి, వెనక నుంచి తొంగిచూసిన తల్లికి ఏమీ కనబడదు. కాబట్టి చూడాల్సింది బొమ్మల్ని కాదు, చాట్ పెట్టెని.

ఇది నిన్న మొన్న పుట్టిన గొడవ కాదు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకి అమెరికాలో టీన్ రేటింగ్ ఉంది, అంటే 13 ఏళ్ల వాళ్లూ ఆడొచ్చు. అందులో మూన్ గార్డ్ అనే సర్వర్‌లో గోల్డ్‌షైర్ అనే చిన్న ఊరి సత్రం ఈ పనికే పేరుపడిపోయింది. 2010లో ఆ ఆట నడిపే బ్లిజార్డ్ కంపెనీ అక్కడ గస్తీ పెడతామని చెప్పాల్సి వచ్చింది. సెకండ్ లైఫ్ అనే ఇంకో ఆన్‌లైన్ లోకం దారి ఇంకొకటి. 2009లో పెద్దల వ్యవహారాలకి జిండ్రా అని విడిగా ఒక ఖండమే కట్టి, వాటిని అక్కడికి తరలించింది. నాకు ఈ రెండోదే సరైన దారి అనిపిస్తుంది. గస్తీ అటు తిరగగానే ఇటు మళ్లీ మొదలవుతుంది. విడిగా ఇల్లు కట్టి తలుపు పెడితే పెద్దల స్వేచ్ఛా పోదు, పిల్లల ఆటా పాడవదు.

2. అకౌంట్‌లో పుట్టిన తేదీ చూడండి

మన ఇళ్లలో తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పిల్లాడు ఏడుస్తుంటే తొందరలో నాన్న పుట్టిన సంవత్సరమే కొట్టేసి అకౌంట్ తెరుస్తాం. ఇక ఆట లెక్కలో వాడు 38 ఏళ్ల మనిషి. చిన్నపిల్లల కోసం పెట్టిన అడ్డుగోడలు ఏవీ వాడి ముందు ఉండవు. ఈ సాయంత్రమే సెట్టింగ్స్ తెరిచి తేదీ సరిచేయండి. మార్చనివ్వకపోతే కొత్త అకౌంట్ తెరవండి. పాత దాంట్లో దాచుకున్న వస్తువులు పోతాయని పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి.

చాట్ చేయాలంటే ముఖం చూపించి వయసు పరీక్షకి నిలబడాలని రోబ్లాక్స్ 2025 నవంబరులో ప్రకటించింది. ఏ వయసని తేలితే ఆ వయసు వాళ్లకి దగ్గరగా ఉన్న గుంపుతోనే చాట్. అందుకే కెమెరా ముందు కూర్చోవాల్సింది పిల్లే. "ఇటివ్వు, నేను చేసిపెడతా" అని అన్నయ్యో నాన్నో ముఖం చూపించారంటే, పిల్లని మీ చేతులతోనే పెద్దల గుంపులో కూర్చోబెట్టినట్టు.

3. సెట్టింగ్స్ బిగించండి

రోబ్లాక్స్‌లో 2024 నవంబరు నుంచి తల్లిదండ్రులు తమ అకౌంట్‌ని పిల్లల అకౌంట్‌కి జత చేసుకోవచ్చు. గుర్తింపు కార్డుతోనో క్రెడిట్ కార్డుతోనో మీరు పెద్దవాళ్లని నిరూపించుకోవాలి. ఆ తర్వాత స్నేహితుల జాబితా, ఆడే సమయం, చాట్ సెట్టింగ్స్ అన్నీ మీ ఫోన్‌లోంచే చూసుకోవచ్చు. అక్కడ ఆటలకి మినిమల్, మైల్డ్, మోడరేట్, రెస్ట్రిక్టెడ్ అని నాలుగు గుర్తులుంటాయి. చిన్నపిల్లలకి మొదటి రెండూ చాలు.

లైంగిక విషయాలు కూడదని రోబ్లాక్స్ నియమాల్లోనే ఉంది. అయినా కొందరు దొంగచాటుగా అలాంటి గదులు కడతారు. వాటిని కాండోలు అంటారు. కంపెనీ తీసేస్తుంది, ఇంకో పేరుతో మళ్లీ లేస్తాయి. వాటి లింకులు ఎక్కువగా ఆట బయట, చాట్ గ్రూపుల్లో తిరుగుతాయి. కాబట్టి బయట నుంచి ఎవరో పంపిన లింకు నొక్కి ఆటలోకి వెళ్లకూడదన్నది మా ఇంట్లో నియమం.

దిమ్మెలతో ఇళ్లు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఇంకో సంగతి ఉంది. అందరికీ తెరిచి ఉండే సర్వర్లు చాలా వరకు ఎవరో ఒకరు సొంతంగా నడిపేవి. అక్కడ కాపలా ఎంత గట్టిదన్నది ఆ యజమాని మీద ఆధారపడి ఉంటుంది. దానికన్నా రెల్మ్, అంటే మైన్‌క్రాఫ్ట్ కంపెనీయే డబ్బు తీసుకుని ఇచ్చే సొంత సర్వర్, తీసుకోవడం మేలు. పిలిచినవాళ్లే లోపలికి వస్తారు, రెల్మ్స్ ప్లస్‌లో యజమాని కాక పది మంది దాకా ఆడొచ్చు. డాలస్‌లో ఉన్న అన్నా గుంటూరులో ఉన్న చెల్లీ ఒకే ఇల్లు కట్టుకుంటూ ఉంటే, అపరిచితుల అవసరమే రాదు.

4. పక్కన కూర్చుని ఆడండి, మాటలు నేర్పండి

సెట్టింగ్స్ సగం పనే చేస్తాయి. మిగతా సగం పిల్లలతో మీరు చేసే స్నేహం. వారానికి ఒక అరగంట మీరూ ఒక బొమ్మని వేసుకుని ఆటలోకి వెళ్లండి. పిల్ల మీకు నేర్పుతుంది, నేర్పుతూ కబుర్లు చెబుతుంది. నాకు సగం సంగతులు అలాగే తెలిశాయి.

"అపరిచితులతో మాట్లాడకు" అంటే పిల్లలకి అర్థం కాదు. నాలుగు రోజులు కలిసి ఆడినవాడు వాళ్ల లెక్కలో అపరిచితుడు కాడు. మనుషుల గురించి కాకుండా మాటల గురించి చెప్పండి. నీ వయసెంత, ఇంట్లో ఎవరున్నారు అని ఆరా తీసినా, మనిద్దరి మధ్యే ఉండాలి అన్నా, ఇంకో యాప్‌లోకి రా అన్నా, రోబక్స్ (రోబ్లాక్స్‌లో వాడే డబ్బు) ఇస్తా ఫోటో పంపు అన్నా, నా గర్ల్‌ఫ్రెండ్‌గా ఉండు అన్నా, ఆట అక్కడే ఆపేసి మీ దగ్గరికి రావాలి. ఎదురు జవాబు రాయక్కర్లేదు, మర్యాదగా బై కూడా చెప్పక్కర్లేదు. మన పిల్లలకి మర్యాద ఎక్కువ నేర్పుతాం కదా, ఈ ఒక్కచోట అది వద్దని గట్టిగా చెప్పాలి. మగపిల్లలకీ ఇదంతా చెప్పండి, ఇలాంటివాళ్లు వాళ్లనీ వదలరు.

దీంతోపాటు మీరొక మాట ఇవ్వాలి: "నువ్వు వచ్చి చెబితే ఫోను లాక్కోను, తిట్టను." ఇచ్చిన మాట మీద నిలబడండి. ఫోను పోతుందన్న భయమే పిల్లల నోరు కట్టేస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల కుతూహలం కొద్దీ తనే నాలుగు మాటలు రాసి ఉన్నా సరే, తప్పు అవతలి పెద్దవాడిదే.

5. జరిగిపోయి ఉంటే

చాట్ చెరిపేయకండి. యూజర్‌నేమ్, తేదీ, మాటలు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ తర్వాత ఆటలో రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయండి. అందులో పిల్లల నగ్న ఫోటో ఏదైనా ఉంటే మాత్రం కాపీ తీయకండి, బంధువుల వాట్సాప్‌కి పంపకండి. అలా పంచుకోవడమూ నేరమే. ఫోను ఉన్నదున్నట్టు పోలీసులకి చూపించండి.

పిల్లలని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే. పిల్లలని ఆన్‌లైన్‌లో లైంగిక వ్యవహారంలోకి లాగడం ఐటీ చట్టం 67బి కింద కూడా నేరం. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల ఫిర్యాదులకి విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండానూ రాయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకి, తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడిపే సైబర్‌టిప్‌లైన్ ఉంది.

6. మీరే పెద్ద ఆటగాళ్లైతే

ఇది చదువుతున్న మీకు ఇరవై ఏడో ముప్పయ్యో ఉండి, పెద్దల రోల్‌ప్లే ఇష్టమైతే, వయసు తనిఖీ ఉన్న చోటే వెతుక్కోండి. బొమ్మల రూపంలో కలుసుకుని మాట్లాడుకునే వీఆర్‌చాట్‌లో ఇప్పుడు వయసు నిరూపించుకున్నవాళ్లకే తెరుచుకునే గదులున్నాయి, సెకండ్ లైఫ్‌లో పెద్దల ప్రాంతాలున్నాయి. "నీకు 18 నిండాయా?" అని అడిగి, అవునంటే సరిపెట్టుకోవడం తనిఖీ కాదు, పదమూడేళ్ల పిల్లాడూ అవుననే అంటాడు. అందరూ ఆడే ఆటలో ఎవరైనా ఆ దారి పట్టించబోతే మీరే ఆపండి. మాటల మధ్య అవతలి నుంచి "అమ్మ పిలుస్తోంది", "రేపు యూనిట్ టెస్ట్" అని వచ్చిందా, ఎంత మామూలు సంభాషణైనా సరే, శృంగారం ఊసు అక్కడితో ఆగిపోవాలి. సంజాయిషీలు రాస్తూ కూర్చోకుండా బయటికి వచ్చేయండి. ఆ గదిలో మిగిలిన పెద్దవాళ్లు కొనసాగిస్తుంటే, గదినే రిపోర్ట్ చేయండి.