ఏళ్ల తరబడి మూలపడ్డ పాత బుల్లెట్ స్టార్ట్ కాకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

ఇది పాత బుల్లెట్ 350 గురించి. మద్రాసులో తయారైన కాస్ట్ ఐరన్ ఇంజిన్ బండి. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, హెడ్‌లైట్ డూమ్ మీద యాంపియర్ మీటరు, ఇగ్నిషన్‌కి పాయింట్లు, అంటే కరెంటును కలిపి, విడదీసి స్పార్క్ పుట్టించే చిన్న కాంటాక్టులు. తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజిన్, గేరుబాక్సు ఒకే కేసులో ఉండే) ఇంజిన్ బళ్లకు ఇందులో చాలా మాటలు వర్తించవు.

ఇలాంటి బండి నాన్నదో తాతదో అయి, పశువుల పాకలోనో మెట్ల కిందో ఏళ్లుగా నిలబడి ఉంటుంది. ఒక పండక్కి అందరూ చేరినప్పుడు బయటకు లాగి, తుడిచి, వంతులవారీగా కిక్కులు కొడతారు. అది స్టార్ట్ కాదు. మర్నాడు మెకానిక్ వచ్చి చూసి "బోరు చేయించాలి" అంటాడు, అంటే ఇంజిన్ విప్పి సిలిండర్ లోపల కోయించాలని. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి. నిలబడి పాడైన బుల్లెట్‌లో తప్పు చాలాసార్లు ఇంజిన్ లోపల ఉండదు, పైపైనే ఉంటుంది. ఇంజిన్ విప్పకముందు చూడాల్సినవి చూస్తే డబ్బూ మిగులుతుంది, కంపెనీ బిగించిన ఇంజిన్ అలాగే నిలుస్తుంది.

మొదటి కిక్కుకు ముందు

ఆయిల్ చూడండి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ బాగా తక్కువ కనిపించవచ్చు. వెంటనే కొత్త ఆయిల్ పోయకండి. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు ఇంజిన్‌లోనే ఒక అరగా ఉంటుంది. బండి చాలాకాలం కదలకుండా ఉంటే ఆ అరలోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి, క్రాంక్ తిరిగే గదిలోకి చేరిపోతుంది. మీరు పైనుంచి మళ్లీ పోస్తే ఇంజిన్‌లో ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు అవుతుంది. స్టార్ట్ అయితే వీధంతా పొగ, బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ ధార. అందుకే కిందున్న డ్రైన్ బోల్టులన్నీ విప్పండి. ట్యాంకుకు వేరుగా, క్రాంక్ కేసుకు వేరుగా ఉంటాయి. మొత్తం ఒక బేసిన్‌లోకి దించి, 20డబ్ల్యూ-50 కొత్తది పోయండి. దించిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. అలాంటప్పుడు ఇంజిన్ స్టార్ట్ అయిన కొద్దిరోజులకే ఇంకోసారి ఆయిల్ మార్చాలి.

తర్వాత ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ వేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి కిక్ రాడ్ మెల్లగా నొక్కండి. కదిలితే ఇరవై ముప్పై సార్లు కొట్టండి. హెడ్ మీదికి వెళ్లే సన్న ఆయిల్ పైపు బోల్టు కాస్త వదులు చేసి చూస్తే అక్కడ ఆయిల్ చెమర్చాలి. అది కనిపించేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయాలని తొందరపడొద్దు.

కిక్ రాడ్ అసలు కదలకపోతే పిస్టన్ పట్టేసింది. సుత్తితో కొట్టడం, రాడ్ మీద ఎక్కి గెంతడం వద్దు. డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి ప్లగ్గు రంధ్రంలో పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. ఆపైన టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ చిన్నగా ఊపుతూ ఉంటే చాలా ఇంజిన్లు వదులుతాయి. వదలకపోతే, అప్పుడు మాత్రం విప్పాల్సిందే.

కిక్కు తేలిగ్గా పోతోంది, బరువే లేదు

అంటే కంప్రెషన్ లేదు. "రింగులు పోయాయి" అని తేల్చేముందు డీకంప్రెషర్ చూడండి. కిక్కు తేలిగ్గా దిగేలా సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలేసేది అది. ఎడమచేతి దగ్గర చిన్న లివర్, దాని కేబుల్ హెడ్ దాకా వెళ్తుంది. ఆ కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుపోతే డీకంప్రెషర్ వాల్వు కొద్దిగా తెరుచుకునే ఉండిపోతుంది. కేబుల్ విప్పేసి కిక్ కొట్టి చూడండి. బరువు తిరిగి వస్తే దొరికినట్టే.

అదీ కాకపోతే వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్లు. సిలిండర్ పక్కనున్న టాపెట్ మూత తీసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినచోట ఆపి, రెండు రాడ్లనూ వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకుండా బిగుసుకుని ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. వదులు చేస్తే సరిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా బరువు రాకపోతే అప్పుడు రింగులు, వాల్వుల మీద అనుమానపడండి.

బరువు బాగానే ఉంది, ఒక్క దగ్గు కూడా రావడం లేదు

ఎక్కువ బళ్లు ఆగిపోయేది ఇక్కడే. ఎవరూ వాడుకోని సాధనం కూడా మన కళ్లముందే ఉంటుంది. అదే యాంపియర్ మీటరు. నా ఉద్దేశంలో పాత బుల్లెట్‌కి అంతకంటే మంచి టెస్టర్ లేదు.

బ్యాటరీ చార్జ్ చేయించి పెట్టండి. ఈ బండికి స్పార్క్ బ్యాటరీ మీదే ఆధారపడుతుంది, నీరసపడ్డ బ్యాటరీతో మిగతా పరీక్షలన్నీ తప్పు చెబుతాయి. లైట్లు ఆపి, తాళం ఆన్ చేసి, కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా దించుతూ సూదిని చూడండి. పాయింట్లు మూసుకున్నప్పుడు సూది మైనస్ వైపు కొద్దిగా వాలాలి. తెరుచుకోగానే టక్కున మధ్యకు రావాలి. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్కసారి జరుగుతుంది.

సూది అసలు కదలలేదనుకోండి. కరెంటు పాయింట్ల దాకా రావడం లేదు, లేదా పాయింట్లు ముట్టుకున్నా వాటి మధ్య కరెంటు పోవడం లేదు. ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, తాళం స్విచ్ వరసగా చూడండి. అవి బాగుంటే తప్పు పాయింట్లదే. మన కోస్తా గాలికి వాటి మీద పలచటి తుప్పు పొర పట్టేస్తుంది. కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి కూడా. సన్న ఎమెరీ కాగితం మధ్యలో పెట్టి రెండుసార్లు లాగి, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి.

సూది ఎప్పుడూ మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు. పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ అరిగిపోయి గ్యాప్ పోయి ఉంటుంది, లేదంటే కండెన్సరో (పాయింట్ల దగ్గర మెరుపును అణిచే చిన్న డబ్బా) ఇన్సులేషన్ వాషరో షార్ట్ అయి ఉంటుంది. పూర్తిగా తెరుచుకున్నచోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్‌తోనే చూడండి, కంటి అంచనా వద్దు. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. అడ్వాన్స్ యూనిట్ (ఇంజిన్ వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపేది) పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, పిస్టన్ పైకొనకు 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. ఆ విడిపోయే క్షణాన్ని కూడా మీటరు సూదే చూపిస్తుంది.

సూది సరిగ్గా ఊగుతోంది, ప్లగ్గులో కరెంటు మాత్రం లేదంటే కాయిల్, ప్లగ్గు వైరు, క్యాప్, కండెన్సర్, ప్లగ్గు. ప్లగ్గును హెడ్‌కి ఆనించి చూసేటప్పుడు దగ్గర్లో పెట్రోలు కారి లేకుండా చూసుకోండి. క్యాప్ తీసేసి వైరుతో నేరుగా పరీక్షిస్తే క్యాప్ సంగతి తేలిపోతుంది. ప్లగ్గులో పసుపు రంగు నీరసపు నిప్పు, అదే సమయంలో పాయింట్ల దగ్గర పెద్ద మెరుపు కనిపిస్తే కండెన్సర్ పోయినట్టే. అది ఖరీదైన వస్తువు కాదు, మార్చేయండి. ప్లగ్గు గ్యాప్ 0.5 మి.మీ. దగ్గర ఉంచండి.

ఒకటే జాగ్రత్త. పరీక్ష అవ్వగానే తాళం ఆపండి. పాయింట్లు మూసుకున్నచోట ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌లో ఉండిపోతే కాయిల్ వేడెక్కి మాడిపోతుంది.

కరెంటు ఉంది, అయినా అంటుకోవడం లేదు

పెట్రోలు సంగతి చూడాలి. కొన్ని కిక్కుల తర్వాత ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, తడిసి కారుతుంటే ఎక్కువైపోయింది.

పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. మొత్తం దించేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. కాబట్టి పైపు, ట్యాప్ వాషర్లు కొత్తవి వేయండి. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున జిగురు కనిపిస్తుంది. మెయిన్ జెట్ కడిగి సరిపెట్టుకోవద్దు. స్టార్టింగ్‌కి కావాల్సింది పైలట్ జెట్. దాని రంధ్రం చాలా సన్నం, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే గుండ్రటి చుక్క కనిపించాలి. సూదులు, తీగలు గుచ్చకండి, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే, గాలి చాలు.

తడిసిన ప్లగ్గుకు మందు తేలికే. ట్యాప్ మూసి, తాళం ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, డీకంప్రెషర్ పట్టుకుని పది కిక్కులు కొడితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. మళ్లీ మళ్లీ తడుస్తుంటే ఫ్లోట్ ఇరుక్కుంది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ కొన కూడా చూడండి. ఎలుకలు, కందిరీగలు గూళ్లు పెట్టేది అక్కడే.

కిక్ ఎలా కొట్టాలి

బలంతో పనిలేదు. తాళం ఆన్ చేసి, రాడ్‌ని కంప్రెషన్ తగిలేదాకా దించండి. డీకంప్రెషర్ పట్టుకుని, యాంపియర్ మీటరు సూది మధ్యకు వచ్చేదాకా ఇంకాస్త దించండి. డీకంప్రెషర్ వదిలి, రాడ్‌ని పైకి రానిచ్చి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఒక్క నిండు కిక్కు. సన్నగా ఉన్న మనిషి కూడా ఈ పద్ధతిలో హాయిగా స్టార్ట్ చేస్తాడు. రాడ్ ఎదురుతన్నితే ఆగిపోండి. అడ్వాన్స్ యూనిట్ స్ప్రింగులు పట్టేశాయి, లేదా టైమింగ్ ముందుకు పోయింది. మోకాలు పోగొట్టుకునే పని అది.

స్టార్ట్ అయ్యాక

కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోయి ఆగితే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూత రంధ్రం మూసుకుపోయింది. వేడెక్కాక ఆగి, చల్లారాకే స్టార్ట్ అవుతుంటే కాయిల్ లేదా కండెన్సర్. గేరు వేయగానే బండి ముందుకు దూకి ఆగితే క్లచ్ ప్లేట్లు అంటుకున్నాయి. క్లచ్ పట్టుకుని, ఇంజిన్ ఆపి, కొన్ని కిక్కులు కొడితే విడిపోతాయి.

రోడ్డెక్కేముందు టైర్ల పగుళ్లు, బ్రేకు కేబుళ్లు చూడండి. కొత్త బళ్లకు అలవాటుపడ్డ పిల్లలకు బ్రేకు ఎడమకాలి కింద ఉందని చెప్పి, ఖాళీ మైదానంలో నడిపించాకే రోడ్డు మీదికి పంపండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోయి ఉంటుంది. ఆర్టీవో ఆఫీసులో ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ సరేసరి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఆయిల్ ఒకసారి దించి చూసి, హెడ్ నట్లు, పుష్ రాడ్లు, పాయింట్ గ్యాప్ మళ్లీ సరిచూడండి. నిలబడ్డ బండిలో గ్యాస్కెట్లు ఆ మొదటి వందలోనే కుదురుకుంటాయి.