ముందు గుడ్డ, ఆ తర్వాతే గోడ రంగు: హాలుకు చేనేత పరదాలు, కుషన్లు

కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాగానే చాలామంది ముందు తెరిచేది పెయింటు షేడ్ కార్డు. వరస తప్పేది అక్కడే. పెయింటు షాపులో మెషీను మీద వందల షేడ్లు కలిపిస్తారు. మంగళగిరి నూలులోనో, పోచంపల్లి ఇక్కత్‌లోనో దొరికేవి మాత్రం అప్పటికి మగ్గం దిగిన రంగులే. గుడ్డను చూసి గోడకు రంగు కలపడం తేలిక. గోడను చూసి గుడ్డ వెతకాలంటే ఊళ్ళు తిరగాలి.

అందుకని నచ్చిన గుడ్డ ముందు ఒక్క మీటరు తెచ్చుకోండి. కిటికీకి వేలాడదీసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద మెరూన్, ఇటుక రంగు వెలవెలబోతాయి. 3000 కెల్విన్ పసుపు వెలుగులో ముదురు నీలం దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఇలా ఉంటే గుడ్డను తప్పుపట్టే ముందు బల్బు మార్చి చూడండి, అదే చవక. మీగడ రంగు టైల్స్, టేకు పాలిష్ తలుపులు కూడా లెక్కలోకి వస్తాయి. టేకు తలుపు పక్కన ఇటుక రంగు పరదా కలిసిపోతుంది, నీలం, ఆకుపచ్చ తేటగా నిలుస్తాయి.

హాల్లో పెద్ద డిజైను ఒకటి చాలు. ఇక్కత్ పరదాలు, కలంకారీ సోఫా కవర్లు, పూల తివాచీ అన్నీ పెడితే ఇల్లు ఎగ్జిబిషన్ స్టాలులా ఉంటుంది. కుషన్లకు ఎరుపు, నలుపు, తెలుపు ఇక్కత్ తీసుకుంటే అందులోని తెలుపు గోడలకు వెళ్ళాలి, పరదాలు డిజైను లేని మంగళగిరి నూలు కావాలి. గోడ షేడ్ ఎంచేటప్పుడు గుడ్డ ముక్క షాపుకు తీసుకెళ్ళి, సరిపోయినదానికన్నా ఒక మెట్టు లేతది అడగండి. నాలుగు గోడలకూ వేశాక రంగు ముదురుగా తేలుతుంది. రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాకే నిర్ణయించుకోండి.

ఇక కొలతలు, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. కిటికీ వెడల్పు 60 అంగుళాలు అనుకుందాం. రాడ్డు రెండు వైపులా ఆరేసి అంగుళాలు బయటికి రావాలి, అంటే 72. కుచ్చు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు, 144 అంగుళాల గుడ్డ కావాలి. చేనేత గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలైతే తడిపాక సుమారు 42 మిగులుతుంది. మూడు పన్నాల ముక్కలు పక్కపక్కన కలిపితే 126 అంగుళాలే వస్తాయి, మూసినప్పుడు పరదా బోసిగా ఉంటుంది. నాలుగు తీసుకుని వైపుకు రెండు జోడించండి.

పొడవు: రాడ్డు నేల నుంచి 90 అంగుళాల ఎత్తున ఉందనుకోండి. పరదా రాడ్డు పైకి అంగుళం లేస్తుంది. కింద అంగుళం ఖాళీ వదలాలి, లేదంటే తడిగుడ్డ పెట్టినప్పుడల్లా అంచు నాని మురికి పడుతుంది. ఒకటికి ఒకటి పోగా కుట్టిన పొడవు 90. పై మడతకు 4, కింది మడతకు 6 కలిపితే 100. కొత్త చేనేత నూలు మీటరుకు 3 నుంచి 5 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది కాబట్టి పన్నాకు 105 అంగుళాలకు పైనే పట్టుకోవాలి. నాలుగింటికీ 11 మీటర్లు. 12 అంగుళాలకోసారి డిజైను తిరిగొచ్చే గుడ్డయితే, జోడింపు దగ్గర కలపడానికి 12 మీటర్లు తీసుకోండి. అంతా ఒకే తానులోంచి కొనాలి. రెండో తాను రంగు కాస్త తేడాగానే ఉంటుంది.

దర్జీకి ఇచ్చేముందు రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయండి. గంజి వదిలి గుడ్డ చక్కగా వాలుతుంది కూడా. ఈ పని మానేస్తే మొదటి ఉతుకుకే పరదా నేలకు నాలుగంగుళాలు పైకి లేస్తుంది. జోడించే వైపు గుడ్డ అంచు బిగుతుగా ఉంటుంది, దాన్ని కత్తిరించేయమనండి, లేకపోతే కుట్టు పొడవునా ముడతలు పడతాయి. పై మడత నిటారుగా నిలవడానికి లోపల ఉతికినా చెడని బక్రం (గట్టి పట్టీ గుడ్డ) వేయించండి. రింగులు సరి సంఖ్యలోనే ఉండాలి, అప్పుడే రెండు చివర్లూ గోడవైపు తిరుగుతాయి. రెండు పన్నాల పరదాకు 12 సరిపోతాయి.

పడమటి కిటికీకి లైనింగ్ తప్పనిసరి. లేకపోతే మడత బయటికొచ్చిన చోటల్లా రంగు వెలిసి చారలు పడతాయి. లైనింగ్ గుడ్డనూ ముందే తడిపించి, పరదా కన్నా అంగుళం పొట్టిగా కుట్టించాలి. సహజ రంగుల పెడన కలంకారీని ఎండ పడే కిటికీకి వాడకండి, ముందు పసుపు పోతుంది. అందులో ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే నలుపు కాలం గడిచేకొద్దీ పోగును బలహీనం చేస్తుంది కాబట్టి రోజూ రాపిడి ఉండే సోఫా సీటుకూ ఆ కలంకారీ వద్దు. గోడకు వేలాడదీయడానికి మాత్రం దానికి సాటి లేదు.

16 అంగుళాల కుషన్ కవరుకు ముందు ముక్క 17×17, వెనక రెండు ముక్కలు 17×12. మూడూ 41 అంగుళాల్లో ఇమిడిపోతాయి, తడిపిన పన్నాలో సరిగ్గా కుదురుతుంది. వెనక ముక్కలు ఐదంగుళాలు ఒకదాని మీదొకటి వస్తాయి, జిప్పు అక్కర్లేదు. ఐదు కుషన్లకు రెండున్నర మీటర్లు చాలు. లోపలి దిండు 17 అంగుళాలది వేస్తే మూలలు నిండుగా ఉంటాయి.

కింద వరంగల్ దర్రీ (జంపఖానా) పరిస్తే మూడు సీట్ల సోఫాకు 5×8 అడుగులది, సోఫా ముందు కాళ్ళు దాని మీద ఉండేలా వేయండి. నున్నటి టైల్స్ మీద జారుతుంది, అడుగున రబ్బరు జాలీ వేయాలి.

రంగు దిగుతుందేమో తెలియాలంటే తడిపిన తెల్ల రుమాలుతో ఇక్కత్‌ను గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ కవర్లను లేతరంగు సోఫా మీద పెట్టకండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు కానీ, అద్దకంలో పోగుకు పట్టని రంగును ఉప్పు పట్టించలేదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా చన్నీళ్ళలో విడిగా జాడించి, తిరగేసి నీడన ఆరేయండి.